ఆక్సిజన్ గొట్టానికి పెట్టిన బొట్టు

2024 దసరా రోజులు. ఇల్లందు నుంచి అడవి వైపు పోయే దారిలో, ఒకప్పుడు బొగ్గు లారీలు నిలిపే పాత యార్డులో మా హైడ్రోజన్ ప్లాంటు ఉండేది. ప్లాంటు అనగానే పెద్ద ఫ్యాక్టరీని ఊహించుకోకండి. ఒక రేకుల షెడ్డు, దాని వెనక సోలార్ పలకలు, ముందు ఒక గేటు, అంతే. నేను అక్కడ సేఫ్టీ ఆఫీసర్‌ని. ఖమ్మంలోని ఖానాపురం హవేలిలో మా ఇల్లు. పొద్దున్నే స్టాఫ్ జీపులో బయలుదేరేదాన్ని, జీపు రాని రోజు బస్సు. ఒకసారి బస్సులో ఒక పెద్దమ్మ నన్ను ఏం పని చేస్తావని అడిగింది. ప్రమాదాలు రాకుండా చూసే పని అన్నాను. "మరి రాకపోతె నీకు పనేముంటది బిడ్డా?" అంది.

మా పని గురించి నాలుగు మాటలు చెప్పాలి. నీటిలోకి కరెంటు పంపితే అది రెండు వాయువులుగా విడిపోతుంది. ఒకవైపు హైడ్రోజన్, ఇంకోవైపు ఆక్సిజన్. ఈ పని చేసే యంత్రాన్ని ఎలక్ట్రోలైజర్ అంటారు. దాని గుండెకాయ స్టాక్, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన పలకల కట్ట. కరెంటు ఎండ నుంచి వస్తే ఆ హైడ్రోజన్ తయారీలో బొగ్గు పొగ ఉండదు. రేపు ఉక్కు కొలిమికో ఎరువుల కర్మాగారానికో బొగ్గు బదులు దాన్ని వాడుకోవచ్చు. ఇదంతా మన దేశంలోనే, మన చేతులతో తయారు కావాలని కొన్ని పరిశోధన సంస్థలు ఒక్కటయ్యాయి. అందరూ ఒకే నమూనా స్టాక్‌ను తమ తమ చోట్ల ఒకే పద్ధతిలో నడిపి, ఫలితాలు పక్కపక్కన పెట్టి చూస్తారు. ఈ రకం పరీక్షను రౌండ్ రాబిన్ అంటారు. మాది అందులో బొగ్గు ప్రాంతపు కేంద్రం. మా ఎండ వేరు, మా నీళ్ల ఉప్పు వేరు, మా దుమ్ము సంగతి చెప్పనే అక్కర్లేదు. మేము పరీక్షలోంచి తప్పుకుంటే మా నేల సంగతి తెలియకుండానే యంత్రం తయారవుతుంది. బొగ్గు పని తగ్గుతున్న ఊళ్లవాళ్లు ఈ కొత్త పనికి పనికొస్తారా అన్న ప్రశ్నకు జవాబు కూడా మా షెడ్డులోనే తేలాలి.

హైడ్రోజన్ అంటే అందరికీ భయం. ఆ భయంలో తప్పులేదు. దాని మంట పగటి వెలుతురులో కంటికి కనబడదు. డిటెక్టర్లు ఎన్ని ఉన్నా, లీకు అనుమానం ఉన్న చోటికి వెళ్లేటప్పుడు మేము పొడుగు కర్రకు కట్టిన చీపురును ముందుకు చాపి నడుస్తాం. మంట ఉంటే ముందు చీపురు అంటుకుంటుంది. చూడడానికి వచ్చినవాళ్లు సేఫ్టీ మేడం చేతిలో చీపురు చూసి ముసిముసి నవ్వులు నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వారు, కాళ్లూ చేతులూ సరిగ్గా ఉన్నాయి కదా అని ఊరుకునేదాన్ని.

నా అసలు భయం రెండో గొట్టం మీద. ఆక్సిజన్ అంటే ప్రాణవాయువు కదా, దవాఖానాలో పెట్టేది కదా అని అందరికీ దాని మీద ఒక నమ్మకం. కానీ ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కు నూనె తగిలితే అగ్గిపుల్ల అక్కర్లేదు. వాల్వు తిప్పగానే గాలి ఒక్కసారిగా ఒత్తుకుని వేడెక్కుతుంది, నూనె అంటుకుంటుంది, ఆ మంటకు ఇనుము కూడా కాగితంలా కాలిపోతుంది. మా యంత్రంలో రెండు వాయువులూ ఒత్తిడితోనే వచ్చేవి. అందుకే ఆక్సిజన్ లైన్‌కు వాడే ప్రతి ముక్కా ప్రత్యేకంగా శుభ్రం చేసి, ప్లాస్టిక్ సంచిలో సీలు వేసి వస్తుంది.

ఆ లైన్ మీది చేతివాల్వును తిప్పే మనిషి సమ్మయ్య. యాభై దాటిన వయసు, ఇల్లందు పక్క గూడెంలో ఇల్లు, చిన్నప్పటి నుంచీ బొగ్గు పనే. మా దగ్గర శిక్షణ తీసుకుని, యంత్రాన్ని నడిపే ప్యానెల్ ఆపరేటర్ అయ్యాడు. యంత్రం తన ఇంటి ఎద్దు అన్నట్టు చూసుకునేవాడు. తను బొగ్గు బాయిలో పనిచేసే రోజుల్లో ఒక దసరాకు ఉత్పత్తి తొందరలో పూజ ఆపేశారట. ఆ తర్వాత కొద్దికాలానికే బొగ్గు బండ్లను లాగే హాలేజీ తాడు తెగి, తనతో అన్నం పంచుకు తినే స్నేహితుడు పోయాడు. అప్పటి నుంచి సమ్మయ్య ఆయుధపూజ నాడు ఒక్క బోల్టును కూడా బొట్టు లేకుండా వదలడు. ఈ సంగతి అతనే నాకు చెప్పాడు. ఆ కథ నేను మర్యాదగా విన్నాను, అంతటితో వదిలేశాను.

ఆ దసరాకు ప్లాంటు ఆపి మరమ్మతులు పెట్టుకున్నాం. ఆక్సిజన్ లైన్‌లో పాత వాల్వు తీసి కొత్తది వేయాలి. ఆ పని ఫిట్టర్ జలీల్ భాయ్‌ది. ఖమ్మంలో తాతల నాటి నుంచి వెల్డింగ్, ఫిట్టింగ్ పనుల్లో ఉన్న కుటుంబం. ఆయన బిగించిన జాయింటు మీద నాకు నా వంట మీద కంటే నమ్మకం ఎక్కువ. నేను పండుగకు సెలవు పెట్టి ఇంటి దగ్గర ఉన్నాను. మేము చర్చికి వెళ్లేవాళ్లం. మామూలుగా పూజ జరిగితే చేతులు కట్టుకుని పక్కన నిలబడతాను, పులిహోర మాత్రం వదలను. ఆ సంగతి మా అమ్మకు తెలియనవసరం లేదు.

సెలవు ముగించుకుని వచ్చిన రోజే అన్ని కేంద్రాలూ ఒకేసారి యంత్రాలు మొదలుపెట్టాలి. షెడ్డులో గోడ మీది తెరలో మిగతా కేంద్రాల వాళ్ల ముఖాలు కనబడుతున్నాయి. హైదరాబాద్ నుంచి వచ్చిన మా ప్రాజెక్టు పెద్ద రఘురాం గారు కాలరు సర్దుకుంటూ వాళ్లతో మాట్లాడుతున్నారు. సమ్మయ్య కొత్త చొక్కా వేసుకుని వాల్వు దగ్గర సిద్ధంగా ఉన్నాడు. నేను చివరిసారి చూసి రావడానికి లైన్ వెంట నడిచాను. గొట్టాలన్నిటికీ పసుపు, దాని మీద కుంకుమ. బాగానే ఉంది అనుకున్నాను. ఆక్సిజన్ గొట్టం దగ్గరికి వచ్చేసరికి కిటికీ వెలుగు పడి ఆ పసుపు మెరిసింది.

పొడి పసుపు మెరవదు. వేలితో తాకి చూశాను. జారింది.

అక్కడి నుంచే గట్టిగా అరిచాను. "ఆపండి! ఎవ్వరూ ఏదీ తిప్పొద్దు!"

తెరలోని ముఖాలన్నీ ఇటు తిరిగాయి. రఘురాం గారు పరుగున వచ్చారు. సమ్మయ్య వాల్వు మీద నుంచి చెయ్యి తీసి, "ఏందయింది మేడం?" అన్నాడు.

"అన్నా, ఈ పసుపు దేంట్ల కలిపినవు?"

"నువ్వుల నూనెల. ఉత్త పసుపు ఇనుముకు నిలుస్తదా? రాలిపోతది."

"ఆక్సిజన్ లైన్‌కు నూనె తగలొద్దని ట్రైనింగ్‌ల చెప్పిన గదా!"

"గ్రీజు పెట్టొద్దన్నరు, పెట్టలే. మెషిన్ల నూనె పెట్టొద్దన్నరు, పెట్టలే. ఇది దేవుని నూనె మేడం. దీపంల పోసేది."

అతని ముఖంలో ఎక్కడా తప్పించుకునే భావం లేదు. నిజంగానే అర్థం కాక అంటున్నాడు. నేను గుడ్డ తెమ్మని, ఆ లైన్ మొత్తం తుడవాలని చెప్పాను. అప్పుడు అతని గొంతు మారింది.

"పెట్టిన బొట్టు తుడుస్తరా? పండుగకు పెట్టింది? తుడిచినంక నేనైతె దీన్ని ముట్ట."

చుట్టూ మనుషులు చేరారు. వెనక నుంచి ఎలక్ట్రీషియన్ శీను, నాకు వినబడేట్టే అన్నాడు. "మేడం చర్చికి పోతది గదా. గామెకు బొట్టంటె ఏం తెలుస్తది."

ఆ మాట నన్ను కోసింది. ఇన్నేళ్లుగా ఒకే బల్ల మీద టిఫిన్ డబ్బాలు విప్పుకుని తిన్నవాళ్లం. ఒక్క మాటతో నేను బయటి మనిషినైపోయాను. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. నాది కొంచెం మొండి రక్తం కాబట్టి కోపమే గెలిచింది. కానీ శీనుకు జవాబు చెప్పలేదు. అక్కడ లెక్కలోకి వచ్చేది ఒక్కటే, ఆ వాల్వు తిప్పబోయేది సమ్మయ్య చెయ్యి.

రఘురాం గారు నన్ను పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పారు. "గ్రేస్ గారూ, నూనె గొట్టం పైన ఉంది. లోపల కదా ఆక్సిజన్ పోయేది. పైపైన ఒకసారి తుడిపించి మొదలుపెడదాం. అందరూ మనకోసం ఆగి ఉన్నారు. మనం ఇవాళ మొదలుపెట్టకపోతే ఈ విడత మన కేంద్రం లేకుండానే జరిగిపోతుంది."

ఆయన చెప్పినదాంట్లో న్యాయం ఉంది. పైన ఉన్న నూనె ఒక రకం ప్రమాదం, లోపలికి పోయిన నూనె ఇంకో రకం. నేను వెనక్కి వచ్చి సమ్మయ్యను ఒకే ఒక్క ప్రశ్న అడిగాను. "అన్నా, కొత్త వాల్వుకు బొట్టు ఎప్పుడు పెట్టినవు? బిగించకముందా, బిగించినంకనా?"

"ముందే. బిగిస్తె అది ఫ్రేమ్ వెనకకు పోతది, చెయ్యి పట్టదు. జలీల్ భాయ్ సంచి విప్పి గుడ్డ మీద పెట్టిండు. అప్పుడే పెట్టిన. మూతి చుట్టూత మంచిగ పూసిన."

నేను జలీల్ భాయ్ వైపు చూశాను. ఆయన ముఖం పాలిపోయింది.

"నేను వాల్వు గుడ్డ మీద పెట్టి నమాజుకు పోయిన మేడం," అన్నాడు. "వచ్చేసరికి పసుపు ఉంది. చూసిన. నూనె అని అనుకోలే. తుడుద్దామనుకున్న గూడ... గాని వాళ్ల దేవుని బొట్టు నేనెట్ల తుడుస్త? బాగుండదు గదా. గట్లనే బిగించిన."

చేతిలో పాన పట్టుకుని, పక్కవాడి పండుగకు గౌరవం ఇచ్చి ఊరుకున్నాడు. ఆయన స్థానంలో నేనున్నా అదే చేసేదాన్నేమో. ఆ వాల్వు విప్పాల్సిందే అన్నాను. రఘురాం గారు తల పట్టుకున్నారు. సమ్మయ్య కదల్లేదు.

అప్పుడు నేను అతనికి ఎప్పుడూ ఎవరికీ చెప్పని సంగతి చెప్పాను. ఈ ఉద్యోగానికి ముందు నేను ఆక్సిజన్ సిలిండర్లు నింపే ఒక చోట పనిచేశాను. అక్కడ వెంకన్న అని ఒకాయన ఉండేవాడు. ఒకనాడు రెగ్యులేటర్ మర బిగుసుకుపోతే, తలుపు బందుకు పెట్టినట్టు ఒక చుక్క కొబ్బరినూనె పెట్టాడు. మంచికే పెట్టాడు. వాల్వు తిప్పగానే అది భగ్గున అంటుకుంది. నేను దవాఖానాకు వెళ్లేసరికి ముఖానికీ చేతులకూ కట్లు కట్టి ఉన్నాయి. నా గొంతు గుర్తుపట్టి, "మేడం, నేనేం తప్పు చేసిన?" అని అడిగాడు. నాలుగైదు రోజుల తర్వాత పోయాడు.

"నీ పూజ మీద నాకేం కోపం లేదన్నా. నీ చేతుల మీదనే భయం. ఆ బొట్టు నేను ముట్టను. నువ్వు పెట్టినవు, నువ్వే విప్పి చూడు. లోపల ఏం లేకపోతె అందరి ముంగట నీకు మాఫీ చెప్త."

సమ్మయ్య జలీల్ భాయ్ దగ్గర పాన తీసుకున్నాడు. లైన్‌లో ఒత్తిడి లేదని నేను చూసి చెప్పాక, ఇద్దరూ కలిసి వాల్వు విప్పారు. సమ్మయ్య దాన్ని వెలుగులోకి పట్టుకుని మూతిలోకి చూశాడు. నా చేతికిచ్చాడు. లోపల, గాలి ఒరుసుకుని పోయే ఇరుకు చోటే, పసుపు రంగు నూనె సన్నగా పేరుకుని ఉంది. శీను కూడా తొంగి చూసి తల దించుకున్నాడు.

సమ్మయ్య అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటూ అన్నాడు.

"మొక్కిన చేతులే గద బిడ్డా. గీ చేతులతోనే అందర్ని సంపుతుంటి."

ఆ విడత పరీక్ష మేము లేకుండానే మొదలైంది. మా తెర ఆపేశాం. లైన్ మొత్తం విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించే పని పెట్టుకున్నాం. సమ్మయ్యను మాకు పంపిన కాంట్రాక్టు ఏజెన్సీ ఆ సాయంత్రమే ఫోన్ చేసి, అతన్ని తీసేసి ఇంకొకరిని పంపుతామంది. వాళ్లు తీసేదాకా అతను ఆగనే లేదు. మర్నాడు పనికి రాలేదు.

ఒక కేంద్రంలో ప్రమాదం తప్పినా దాన్ని అన్ని కేంద్రాలకూ తెలియజేయాలని మేమందరం కలిసి పెట్టుకున్న నియమం. ఏం రాయాలన్న దగ్గర నాకూ రఘురాం గారికీ వాదన జరిగింది. "వాల్వులో కాలుష్యం కనబడింది అని రాయండి, చాలు," అన్నారాయన. "పూజ అని రాస్తే మనల్ని చూసి నవ్వుతారు. పైగా రాసేది మీరు. రేపు దీన్ని ఎవరు ఎటు తిప్పుతారో తెలియదు." నా మంచికే చెప్పారని నాకు తెలుసు. నాకూ ఆ భయం ఉంది. కానీ కాలుష్యం అని రాస్తే చదివినవాళ్లు అయ్యో అనుకుని కాగితం పక్కన పెడతారు. తమ గొట్టాలను ఎవరు తడిమి చూస్తారు?

సమ్మయ్యను అడగకుండా రాయడం మాత్రం నాకు ఇష్టం లేదు. వాళ్ల గూడేనికి వెళ్లాను. అతను ఇంటి ముందు మంచంలో పడుకుని ఉన్నాడు. నన్ను చూసి లేచి కూర్చున్నాడు కానీ ముఖం ఎత్తలేదు. అతని భార్య నీళ్లిచ్చి, "రెండు దినాలాయె, సరిగ తింటలేడమ్మా," అంది. నేను వచ్చిన పని చెప్పాను.

"నా పేరు దేశమంత పోతదా?" అన్నాడు.

"పేరు రాయను. పూజ నూనె అని రాయాలె. లేకుంటె ఎవరికీ అర్థం కాదు."

"రాయి బిడ్డా. గాని ఒకటి. పూజ తప్పని రాయకు. నూనె తప్పని రాయి."

సరిగ్గా అలాగే రాశాను. రఘురాం గారు చదివి, ఒక్క అక్షరం మార్చకుండా పంపారు. ఏజెన్సీకి కూడా ఆయనే ఫోన్ చేసి, మా ఆపరేటర్ మాకు కావాలని చెప్పారు. ఆ మాటకు నేను ఆయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను. సమ్మయ్య తిరిగి వచ్చాడు కానీ యంత్రం దగ్గరికి రాలేదు. షెడ్డు ఊడ్చేవాడు, సోలార్ పలకలు కడిగేవాడు, ప్యానెల్ దగ్గరికి రమ్మంటే తల అడ్డంగా ఊపేవాడు.

జవాబు ఉత్తరాదిలోని ఒక కేంద్రం నుంచి వచ్చింది. మా సందేశం చదివి వాళ్లు పని ఆపి చూసుకున్నారట. నడుస్తున్న లైన్ శుభ్రంగానే ఉంది. కానీ రేపో మాపో కలపబోయే రెండో ఆక్సిజన్ లైన్‌లో, విప్పి పెట్టిన గొట్టం మూతికి నూనె, సిందూరం. అక్కడా పండుగే, అక్కడా పూజే, అక్కడా ఒక మంచి మనిషి ఏ ముక్కనూ వదలకూడదనుకున్నాడు. మేము చదివి నేర్చుకున్న పుస్తకాలు రాసిన దేశాల్లో యంత్రానికి పూజ చేయరు. అందుకే ఈ నూనె గురించి వాటిలో లేదు. ఇది మేమే రాసుకోవాల్సిన పేజీ. ఇప్పుడు అన్ని కేంద్రాలకూ కలిపి ఒక నియమం ఉంది. పూజ యంత్రాన్ని కట్టి మూసిన తర్వాతే, ప్యానెల్ స్టాండు దగ్గరే, పొడి పసుపుతోనే. ఆ నియమం ప్రతి చోటా అక్కడి భాషలో గోడ మీద ఉంది.

ఆ కేంద్రంలో నూనె పెట్టిన ఆపరేటర్, మా దగ్గర నూనె పెట్టిన మనిషితో మాట్లాడతానన్నాడు. నేను ఫోన్ స్పీకర్‌లో పెట్టి సమ్మయ్యకిచ్చాను. అవతల ఆ మనిషి రెండు మాటలు మాట్లాడి ఏడవడం మొదలుపెట్టాడు.

సమ్మయ్య కంగారుగా నా వైపు తిరిగాడు. "ఏడుస్తుండు మేడం. ఏం చెప్పాలె?"

"నీతోని ఎవరన్నా ఏమంటె బాగుండేదో అది చెప్పు."

సమ్మయ్య తనకు వచ్చిన ముక్కల హిందీలో, చేతులు బాగున్నాయి కదా అని చాలా మెల్లగా అడిగాడు. "భయ్యా, ఆప్‌కా హాత్ అచ్ఛా హై నా?"

అవతలి నుంచి, "హా, అచ్ఛా హై," అని వినబడింది.

"బస్. మేరా బీ అచ్ఛా హై. రోనా నై. కామ్ కర్నా." ఏడవొద్దు, పని చేసుకో అన్నాడు.

నిర్లక్ష్యం ఎక్కడ ఉందో వెతకడమే నా ఉద్యోగమని నాకు నేర్పారు. ఆ నూనెలో నిర్లక్ష్యం చుక్క కూడా లేదు. ఉన్నదంతా ప్రేమే, పక్కవాడి మీద మర్యాదే. అవి కూడా మనిషిని చంపగలవని, చంపబోతుంటే ఆ ప్రేమను అవమానించకుండా చెయ్యి పట్టుకుని ఆపాలని నేను నేర్చుకున్నది ఆ కేసులోనే. ఇప్పుడు కొత్తగా ఎవరు పనిలో చేరినా, ఏం చేయకూడదో చెప్పేముందు, మీరు దేన్ని ప్రేమగా చూసుకుంటారు, ఎట్లా చూసుకుంటారు అని అడుగుతాను.

సమ్మయ్య ఫోన్ నాకిచ్చి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, వచ్చి ప్యానెల్ ముందు కూర్చున్నాడు.